ఎడారిలో ఏముంటుంది?

సొనోరా ఎడారిలో పొద్దున నడకకు వెళ్లేవాళ్లు ఎంత పెందరాళే లేచినా ఆలస్యంగా చేరినట్టే. అక్కడి సంసారమంతా రాత్రిపూట నడుస్తుంది. మనం గేటు దాటి లోపలికి అడుగుపెట్టే వేళకు తిరగాల్సినవి తిరిగి, తినాల్సినవి తిని, అన్నీ ఎవరి బొరియల్లోకి అవి సర్దుకుని ఉంటాయి. పెళ్లి జరిగిన ఇంటికి మర్నాడు పొద్దున వెళ్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ నేల. మనుషుల్లేని ఆ వాకిలిని చూసి, ఇక్కడ ఏమీ జరగలేదని ఎవరైనా అంటే ఒప్పుకుంటామా? ఎడారి విషయంలో మాత్రం అందరం ఆ మాటే అనేస్తాం.

మా అమ్మాయి కాపురం ఆరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నగరానికి ఆగ్నేయంగా ఉన్న క్వీన్ క్రీక్ వైపు. దగ్గర్లోని చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే కంపెనీలున్నాయి కనుక ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు బాగానే స్థిరపడ్డాయి. చలికాలం చివర్లో నేనూ మా ఆవిడా వెళ్లి, అక్కడి వానలు మొదలయ్యేదాకా ఉన్నాం. ఇంట్లో లడ్డు అనే కుక్క ఉంది. కౌంటీ షెల్టర్ నుంచి తెచ్చుకున్న గోధుమరంగు కుక్క. జాతేమిటో ఎవరికీ తెలియదు, పేరు మా మనవరాలు పెట్టింది. పొద్దుటిపూట దాన్ని తిప్పే పని నేను తీసుకున్నాను. అల్లుడు జిమ్‌కు వెళ్తూ మా ఇద్దరినీ శాన్ టాన్ కొండల పార్కు దగ్గర దింపి, వచ్చేటప్పుడు ఎక్కించుకునేవాడు. పదివేల ఎకరాల పైచిలుకు ఎడారి అది. మెడకు తాడుంటే కుక్కల్ని రానిస్తారు, ఆ తాడు ఆరడుగులు మించకూడదు.

"అంకుల్, రోజూ వెళ్తున్నారు కదా, ఎడారిలో ఏముంటుందండీ చూడ్డానికి?" అని ఆ కాలనీలో మన పిల్లలు అడిగేవాళ్లు. వెటకారంగా కాదు, తెలుసుకుందామనే. కారు అద్దంలోంచి చూస్తే వాళ్లకు రాళ్లు, ముళ్లు, మధ్యలో అక్కడక్కడ నిలబడ్డ జెముడు చెట్లు తప్ప ఇంకేమీ కనబడవు. నేను కడప జిల్లావాణ్ణి. మా గుట్టల గురించి బయటివాళ్లు ఇదే మాట అడుగుతుంటే వింటూ పెరిగాను. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను కనుక, ఆ మాట ఒక నేలకు ఎంత కీడు చేయగలదో కూడా కొంత తెలుసు.

లడ్డుకు ఈ సందేహం లేదు. దానికి ఖాళీ చోటంటూ ఎక్కడా లేదు. నాకు నాలుగు గులకరాళ్లు తప్ప ఏమీ కనిపించని చోట అది ఆగిపోతుంది. ముక్కు నేలకు ఆనించి, పిలిచినా కదలదు. మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు సుమారు అరవై లక్షలు, కుక్క ముక్కులో అవి ఇరవై కోట్లు దాటతాయి. పైగా అది వదిలే గాలి ముక్కు పక్క చీలికల్లోంచి వెనక్కు పోతుంది కనుక ముందున్న వాసన చెదిరిపోదు. తెల్లవారుజామున నేల చల్లగా, కాస్త చెమ్మగా ఉన్నంతసేపూ వాసనలు నేలనే అంటిపెట్టుకుని ఉంటాయి. ఎండ ముదిరేకొద్దీ పైకి లేచి చెదిరిపోతాయి. రాత్రి ఎవరు వచ్చారు, ఎటు పోయారు, ఎవరికి భయపడ్డారు అన్న వృత్తాంతమంతా ఆ కాసేపే దొరుకుతుంది. దాన్ని వదులుకోవడం లడ్డుకు ఇష్టం ఉండదు. తాడు లాగకుండా, అది ఆగిన చోటల్లా నేనూ వంగి చూడటం అలవాటు చేసుకున్నాను. ఎడారిలో నాకు తెలిసినదాంట్లో సగం అలా వంగి చూసినప్పుడు తెలిసిందే.

పార్కులో ఒక ఎండిన వంక ఉంది. దాని ఇసుక పిండిలా కాదు, రవ్వగా ఉంటుంది. అడుగు పడితే అచ్చు నిలుస్తుంది. ఒక పొద్దున ఆ ఇసుకలో జంట జంటలుగా చిన్న వెనక కాళ్ల గుర్తులు, వాటి మధ్య సన్నటి తోక గీత కనిపించాయి. కంగారూ ఎలుక. అది బతుకంతా నీటి చుక్క తాగకుండా గడిపేయగలదు. తిన్న ఎండు గింజలు ఒంట్లో అరిగేటప్పుడు పుట్టే తేమే దానికి సరిపోతుంది. గుర్తులు ఒక పొదలోంచి బయల్దేరి, వంకకు అడ్డంగా వచ్చి, నడిమధ్యలో ఆగిపోయాయి. వెనక్కు మళ్లిన జాడ లేదు. ఆగిన చోట ఇసుక కొంచెం కదిలి ఉంది, దానికి అటూ ఇటూ ఈకల కొసలు ఒరిసిన గీతలు. గుడ్లగూబ వచ్చి వెళ్లింది. లడ్డు ఆ నాలుగు అంగుళాల నేల మీద చాలాసేపు నిలబడింది, చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వచ్చింది. నేను చూసింది ముగింపు ఒక్కటే. అది ఇంకా ఏమేం తెలుసుకుందో చెప్పలేను.

హావలీనాలను మాత్రం నేనూ వాసనతోనే పట్టుకోగలిగాను. చూపుకు అడవిపంది అనిపిస్తాయి కానీ వేరే కుటుంబం. నడుము మీద వెనకవైపు ఒక గ్రంథి ఉంటుంది, ఒకదానికొకటి ఒళ్లు రాసుకుని మంద మొత్తం ఒకే వాసన పులుముకుంటాయి. వాటికి కంటిచూపు తక్కువ, మందను కలిపి ఉంచేది ఆ వాసనే. లడ్డు మెడ మీది బొచ్చు లేచిన మరుక్షణం ఘాటైన వాసన నాకూ అందింది. నాగజెముడు పొదల వెనకనుంచి పెద్దవి నాలుగైదు, వాటి కాళ్ల మధ్య ఎర్రటి పిల్లలు రెండు. ముళ్లతో సహా ఆ జెముడు ఆకుల్ని నమిలేస్తాయవి. కుక్కను చూస్తే నక్కలాంటి కొయోటీ అనుకుని మీదికి వస్తాయి, కోరలతో కుక్కల్ని చీల్చేసిన సంఘటనలు ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు. తాడు పొట్టి చేసి పట్టుకుని, వచ్చిన దారినే మెల్లగా వెనక్కు నడిచాం. లడ్డు ఒక్కసారి కూడా మొరగలేదు. అది గర్వించదగ్గ విషయమని ఆ రోజు ఇంట్లో అందరికీ చెప్పాను.

మెస్కీట్ చెట్టు మొదట్లో, బండ కింద ఒక చెత్తకుప్ప ఉండేది. లడ్డు దాని దగ్గర రోజూ హాజరు వేయించుకునేది. పుల్లలు, ఎండిన చోయా జెముడు ముక్కలు, నక్క పెంటిక, ఒక ప్లాస్టిక్ సీసా మూత. అది ప్యాక్ ర్యాట్ అనే ఎలుక ఇల్లు. దొరికిందల్లా పోగేసి పైన ముళ్లు పేర్చుకుంటుంది, పాము కూడా లోపలికి రావడానికి ఆలోచించాలి. ఈ జాతి ఎలుకలు తమ కుప్ప మీదే మూత్రం పోస్తాయి. రాతి గుహల్లో వాన తగలని చోట ఆ మూత్రం గట్టిపడి, ఆకునూ గింజనూ పుల్లనూ తనలో బిగించేసుకుంటుంది. అలా గట్టిపడ్డ కుప్పలు కొన్ని నలభై వేల ఏళ్లనాటివి కూడా దొరికాయి. 1964లో ఫిలిప్ వెల్స్, క్లైవ్ జోర్గెన్‌సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నెవాడాలోని ఇలాంటి కుప్పల్ని విప్పి చూసి, ఇప్పుడు ఎడారిగా ఉన్న గుట్టల మీద ఒకప్పుడు జూనిపర్ చెట్లుండేవని తేల్చారు. ఆ తర్వాత సొనోరాలోనూ అదే పని జరిగింది. పదకొండు వేల ఏళ్ల క్రితం వరకు ఈ రాళ్ల వాలుల్లోనూ చల్లటి ప్రాంతాల పైన్ చెట్లు, జూనిపర్లు ఉండేవి. నేను వృక్షశాస్త్రం చెప్పినన్నాళ్లూ పుప్పొడి రేణువులతో పాత అడవుల్ని గుర్తించడం గురించి పాఠం చెప్పాను. ఒక ఎలుక ఆ పనిని ఇంత శ్రద్ధగా చేసి పెట్టిందన్న సంగతి లడ్డు ఆ కుప్ప దగ్గర ఆగకపోతే వెతికి చదివి ఉండేవాణ్ణి కాదు.

చోయా గురించి చెప్పకుండా ఆ దారిలో ముందుకు పోలేం. దూరంనుంచి ఎండలో బంగారు నూగు కప్పుకున్నట్టు కనబడుతుంది. ముక్కలు ముక్కలుగా అతుక్కుని ఉండే ఆ జెముడు, కాస్త తగిలితే చాలు ముక్క ఊడి ఒంటికి పట్టుకుంటుంది. ఎగిరి మీద పడుతుందని అక్కడివాళ్లంటారు కానీ ఎగరదు. ముల్లు కొస మీద వెనక్కు వాలిన సన్నటి పొలుసులుంటాయి, దిగేటప్పుడు సులువుగా దిగి, లాగేటప్పుడు చర్మాన్ని పట్టుకుంటాయి. లడ్డు ముందు కాలి మెత్తకు ఒక ముక్క పట్టుకున్న రోజు, అది నోటితో పీకబోయింది. అలా పీకితే నాలుకకు పట్టుకుంటుంది. దాని మూతిని నా మోకాళ్ల మధ్య బిగించి, అల్లుడు నడక సంచిలో వేసి ఇచ్చిన వెడల్పు పళ్ల దువ్వెనను ముక్కకూ కాలికీ మధ్య దూర్చి, ఒక్క విసురు విసిరాను. ముక్క ఎగిరి అవతల పడింది. మిగిలిన ముళ్లు ఒక్కొక్కటీ పట్టకారుతో తీస్తుంటే అది వణుకుతూనే కాలు నా చేతికి అప్పగించింది. ఊడి పడిన ఆ ముక్క వానకు వేరు తొడిగి కొత్త మొక్క అవుతుంది. ఇన్ని ముళ్లున్న ఆ మొక్కలోనే క్యాక్టస్ రెన్ అనే పిట్ట గూడు కట్టుకుంటుంది. ఆరిజోనా రాష్ట్ర పక్షి అదే. పిల్లి, పాము రాని చోటు దానికి అంతకన్నా ఎక్కడ దొరుకుతుంది?

ఏప్రిల్‌లో పాలో వెర్దీ చెట్లు పూశాయి. ఆకు చిన్నది, ఎండకు అదీ రాల్చేస్తుంది కనుక కాండం, కొమ్మలు పచ్చగా ఉండి అవే ఎండను పట్టి ఆహారం చేసుకుంటాయి. పూత పట్టినప్పుడు కొండ వాలంతా పసుపు. కుక్క కళ్లకు ఎరుపు, ఆకుపచ్చ వేరువేరుగా తెలియవు, నీలం, పసుపు తెలుస్తాయి. ఒకొటీయో పొద కొసన ఎర్రగా విరగబూసిన గుత్తులు లడ్డుకు అంతంత మాత్రమే, ఈ పసుపు మాత్రం నాకెంతో దానికీ అంతే. ఆ నడకల్లో మేమిద్దరం ఒకేలా చూసిన దృశ్యం అదొక్కటే అనుకుంటాను.

ఒక పాలో వెర్దీ నీడలో లడ్డు నీళ్లు తాగి చతికిలబడితే, దాని తోక పక్కన బొటనవేలంత సవారో మొలక కనబడింది. సవారో అంటే సినిమాల్లో చూసే ఆ చేతుల జెముడు. సొనోరాలో తప్ప భూమ్మీద మరెక్కడా సహజంగా పెరగదు. మొలిచిన మొదటి ఎనిమిదేళ్లలో ఒకటి, ఒకటిన్నర అంగుళం ఎదిగితే గొప్ప. అంటే నేను చూసింది మా మనవరాలి ఈడుది అయి ఉండొచ్చు. మొదటి పువ్వుకు ముప్ఫై అయిదేళ్లు, మొదటి చెయ్యి మొలవడానికి యాభై నుంచి డెబ్బై అయిదేళ్లు, బాగా ఎండిన చోట నూరేళ్లు. బతికితే నూట యాభై, రెండు వందల ఏళ్లు. చిన్నతనంలో దాన్ని ఎండనుంచీ, చలికాలపు మంచునుంచీ, ఎలుకల పళ్లనుంచీ కాపాడేది ఏదో ఒక చెట్టు నీడ. పాలో వెర్దీయో, ఐరన్‌వుడ్డో, మెస్కీటో. సవారో పెద్దదయ్యేసరికి నీడనిచ్చిన చెట్టు చాలాసార్లు చచ్చిపోయి ఉంటుంది. ఒంటరిగా నిలబడ్డ సవారోను చూసి దాని ధైర్యాన్ని మెచ్చుకునేవాళ్లు ఎక్కువ. నాకు మాత్రం దాని పక్కన ఒకప్పుడు ఏ చెట్టుండేదో వెతకాలనిపించేది, చాలా చోట్ల ఎండిన మొద్దు దొరికేది.

మే నెలలో సవారో పూలు రాత్రి విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికి ముడుచుకుపోతాయి. మెక్సికోనుంచి వచ్చే పొడవు ముక్కు గబ్బిలాలు రాత్రి, తెల్లరెక్కల గువ్వలూ తేనెటీగలూ పగలు వాటిని తడుముతాయి. ఆ గబ్బిలం అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల జాబితాలో చాలాకాలం ఉండి, కోలుకుని, 2018లో బయటికొచ్చింది. హీలా వడ్రంగి పిట్ట కాండానికి తొలిచిన బొక్కలో మరుసటి ఏడు పిడికిలంత గుడ్లగూబ కాపురం పెడుతుంది. జూన్‌లో పండ్లు. ఈ నేలలో తరతరాలుగా ఉన్న తొహొనొ ఓధమ్ జాతివాళ్లు ఎండిన సవారో పక్కటెముకల్నే అతికి పొడవాటి దోటీ చేసుకుని ఆ పండ్లు రాలుస్తారు. రసం కాచి పానకం తీస్తారు, కొంత పులియబెట్టి వాన కోసం చేసే పండగలో తాగుతారు. వాళ్ల ఏడాది ఆ కోతతోనే మొదలవుతుంది. వానాకాలంలో వంకలు పొంగి పారిన నీళ్లకే టెపరీ చిక్కుడు పండించుకున్నారు. ఏడాదికి ఏడెనిమిది అంగుళాల వానపడే చోట! మా కడప జిల్లాలో దానికి మూడు రెట్లు పైన పడుతుంది, కరువు జిల్లా అంటాం.

మెస్కీట్ చెట్టును మొదటిసారి దగ్గరగా చూసినప్పుడు నేను ఆగిపోయాను. ఆ ఆకు, ఆ ముల్లు, ఆ కాయ నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. మన సర్కారు తుమ్మకు స్వయానా దాయాది అది. మా దగ్గర కంప అంటే అదే. చెరువు గర్భంలో అదే, కాలవ గట్టున అదే, శ్మశానంలో అదే. కింద గడ్డి మొలవనివ్వదు, నరికితే మొద్దునుంచి పది కొమ్మలు లేస్తుంది. ఇక్కడ దాని చుట్టం నీడలో కౌజుపిట్టల గుంపు గింజలేరుకుంటోంది, సవారో మొలక పెరుగుతోంది, కాయలు కొయోటీ తింటోంది. ఓధమ్ వాళ్లు ఆ కాయల్ని దంచి పిండి చేసుకుని తిన్నారు. టూసాన్ దగ్గర ఒక గని తవ్వుతుంటే నూట అరవై అడుగుల లోతున మెస్కీట్ వేరు కనబడిందట. ఇక్కడ దాన్ని తినేవి, అదుపు చేసేవి, దానితో కలిసి బతికేవి వేల ఏళ్లుగా కుదురుకుని ఉన్నాయి. మన దగ్గరికి సర్కారు తుమ్మ ఒక్కటే వచ్చింది.

ఎలా వచ్చిందో కూడా తెలుసు. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ ఉత్తర సర్కిల్ అటవీ కన్జర్వేటర్ బెడ్డోమ్ ఈ విత్తనాలు తెప్పించమని రెవెన్యూ శాఖకు ఉత్తరం రాశాడు. మరుసటి ఏడు జమైకానుంచి వచ్చిన విత్తనాలు మా జిల్లాలోనే, కమలాపురంలో నాటారు. అది దక్షిణాదిన లక్షల మంది కరువుకు పోయిన కాలం. ఎండిన నేలను పచ్చగా చేద్దామన్న తపనలో తప్పు పట్టను. ఆ తర్వాత తరాల పేదల పొయ్యిలు ఆ కంపతోనే వెలిగాయి, బొగ్గు కాల్చుకుని బతికినవాళ్లున్నారు, అదీ కాదనను. కానీ ఆ విత్తనం వేసిన చేతి వెనక ఒక నమ్మకం ఉంది, ఇక్కడ ఏమీ లేదు కనుక ఏది నాటినా లాభమేనని. అక్కడ రేగు ఉంది, బలుసు ఉంది, కలివి పొదలున్నాయి, తంగేడు ఉంది, వాటి మధ్య గడ్డి ఉంది, ఆ గడ్డిలో పిట్టలున్నాయి. రెవెన్యూ రికార్డుల్లో మాత్రం అది సాగుకు పనికిరాని భూమి.

అదే నమ్మకం సొనోరాలో తిరగబడి పనిచేసింది. దారి మలుపులో, రోడ్డు పక్క గుబురుగా పెరిగిన ఒక గడ్డి దగ్గర లడ్డు రోజూ కాలెత్తేది. ఆ కంకిని నలిపి చూస్తే నాకు బాగా తెలిసిన గడ్డి. అంజన్ గడ్డి. ఆఫ్రికాతో పాటు మన దేశపు మెట్ట నేలల్లోనూ సహజంగా ఉండేదే, పశువుల మేతకు మంచిదని మనవాళ్లు గట్ల మీద చల్లుతారు. అమెరికాలో దాన్ని బఫెల్ గడ్డి అంటారు. 1930లనుంచి నేల కోత ఆపడానికీ, పశువుల మేతకూ ప్రభుత్వమే తెచ్చి ఆరిజోనాలో వేయించింది. పొదకూ పొదకూ మధ్య ఉన్న వట్టి నేల వాళ్లకు వృథా అనిపించింది. ఆ వట్టి నేలే ఈ ఎడారిని కాపాడుతోంది. అంత దూరం దూరంగా ఉంటాయి కనుకే ఇక్కడి మొక్కలకు మంట అంటుకున్నా అది పక్కదానికి పాకదు. సవారోకు మంటను తట్టుకునే శక్తి లేదు, ఎప్పుడూ అవసరం పడలేదు. ఆ ఖాళీల్ని ఈ గడ్డి నింపింది. పరాయి గడ్డులు నింపిన చోట నిప్పు ఎంత దూరమైనా పోతుంది. 2020 జూన్‌లో ఫీనిక్స్‌కు ఈశాన్యాన బుష్ ఫైర్ అని పిలిచిన మంట లక్షా తొంభై వేల ఎకరాల పైన తగలబెట్టింది, అందులో సవారోలు వేల సంఖ్యలో కాలిపోయాయి. మొదటి చెయ్యి మొలవడానికే యాభై ఏళ్లు పైన పట్టే చెట్టు! మన గడ్డి వాళ్లకు, వాళ్ల కంప మనకు. రెండు చోట్లా నేలను చూసినవాళ్లు పగలు చూశారు, పైపైన చూశారు, దాంట్లో ఏముందని అక్కడ బతికేవాళ్లను అడగలేదు.

పగలు చూస్తే ఏమీ లేదనిపించే చోట రాత్రి ఏముంటుందన్నదానికి మా జిల్లాకన్నా మంచి సాక్ష్యం ప్రపంచంలో లేదని నా నమ్మకం. కలివికోడి అనే పిట్టను 1848లో జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టర్ నమోదు చేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986లో లంకమల అడవి అంచున స్థానిక వేటగాడొకాయన రాత్రిపూట దీపం వెలుగులో దాన్ని పట్టి, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లకు చూపించాడు. ఎనభై ఆరేళ్లు అది ఎక్కడికీ పోలేదు. ముళ్లపొదల మధ్య వట్టి నేల మీద రాత్రుళ్లు తిరుగుతూనే ఉంది. ఊళ్లో వేటగాళ్లకు తెలుసు, మేకలు కాసేవాళ్లకు తెలుసు. తర్వాత దాన్ని వెతికిన పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే వెళ్లి అడుగుల గుర్తులు చూసేవాళ్లు. శాన్ టాన్ వంకలో లడ్డు వెనక వంగి నడుస్తున్నప్పుడు ఆ పట్టీలే నాకు గుర్తొచ్చేవి.

ఆ ఎడారికి ఇప్పుడు ఉన్న పెద్ద కష్టం కూడా రాత్రుళ్లలోనే ఉంది. సవారో పగలు తన రంధ్రాలు మూసుకుని ఉంటుంది, నీరు పోతుందని. రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీలుస్తుంది. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్, అంతకు పైన నమోదైంది, రాత్రులు కూడా చల్లబడలేదు. ఆ ఎండాకాలంలో నగరంలో నిలువెత్తు సవారోలు చేతులు విరిగి, కూలిపోయాయి. తారు, కాంక్రీటు పగటి వేడిని దాచుకుని రాత్రి వదులుతున్నాయి కనుక నగరం పక్కనున్న ఎడారికి ఊపిరి తీసుకునే వేళ దొరకడం లేదు. జూన్ వచ్చాక మా నడక తెల్లవారిన గంటలోపే ముగిసేది. ఫీనిక్స్ నగరం తన కొండదారుల మీదికి 100 డిగ్రీలు దాటితే కుక్కల్ని రానివ్వదు. 2016లో పెట్టిన నిబంధన అది, చాలా మంచి నిబంధన. మనిషి దాహం వేస్తే చెప్పగలడు, కుక్క మన వెంట వచ్చేస్తూనే ఉంటుంది. దారి మీద నా చేతి వెనకభాగం ఆనించి చూసి, చెయ్యి ఉంచలేకపోతే ఆ రోజుకు వెనక్కే.

జూలైలో దక్షిణంనుంచి మబ్బులు లేచాయి. మొదట దుమ్ము గోడ వచ్చింది, దాని వెనక క్రియోసోట్ పొదల వాసన వచ్చింది. వాన ఇంకా పడకముందే తడి గాలికి ఆ ఆకుల జిగురు కరిగి ఎడారి మొత్తం ఆ వాసనే. కర్పూరానికీ, తారుకూ మధ్యలో ఉండే వాసన. లడ్డు పెరట్లో నిలబడి ముక్కు పైకెత్తి దాన్నే పీలుస్తూ ఉండిపోయింది. ఆ రాత్రి భూమిలోంచి స్పేడ్‌ఫుట్ కప్పలు బయటికొచ్చాయి. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలో కూరుకుని ఉండి, వాన చప్పుడుకు లేస్తాయవి. గుంటల్లో నీరు ఇంకేలోపు, రెండు వారాల్లోపే, గుడ్డు కప్ప అయిపోవాలి. పెద్దగా, నున్నగా ఉండే ఇంకో కప్ప కూడా వస్తుంది, దాని చర్మపు విషం కుక్క ప్రాణం తీయగలదు. అందుకని వానాకాలం రాత్రుళ్లు లడ్డుకు ఇంట్లోనే కాపలా. తాబేళ్లూ ఆ వారమే కనబడ్డాయి. బతుకులో తొంభై అయిదు పాళ్లు బొరియలోనే గడిపే జీవి, రోడ్డు పక్క గుంటలో నిలిచిన నీళ్లు తాగుతోంది. భయపడితే పొట్టలో దాచుకున్న నీరు వదిలేస్తుంది, ఆ నీరు పోతే చచ్చిపోవచ్చు. కనుక దగ్గరికి కూడా వెళ్లకూడదు. తాడు బిగించి పట్టుకుని, అది తాగడం అయ్యేదాకా ఇద్దరం దూరంగా నిలబడ్డాం.

చలికాలంలో ఆరిజోనా గుట్టల మీదికి వాలంటీర్లు గునపాలు పట్టుకుని వెళ్లి బఫెల్ గడ్డిని వేళ్లతో పీకుతారు. సర్కారు తుమ్మను కూడా అలాగే తీయాలి, పైన నరికితే లాభం లేదు, మొద్దు కింది మెడదాకా తవ్వాలి. మా ఊరి గుట్ట కింద మాకు రెండెకరాలుంది, నిండా కంప. దాన్ని తవ్వించి తీసేసి, ఏమీ నాటకుండా వదిలేద్దామని మా తమ్ముడితో ఫోన్‌లో మాట్లాడాను. "నాటకపోతే ఏమొస్తాదన్నా?" అన్నాడు. రేగు వస్తుంది, బలుసు వస్తుంది, వాయిలి, తంగేడు వస్తాయి. విత్తనాలు నేలలో కొన్ని ఉంటాయి, కొన్ని పిట్టలు తెస్తాయి, కొన్ని మేకలు తెస్తాయి. మొదటి నాలుగైదేళ్లు తిరిగి మొలిచే తుమ్మ మొక్కలు పీకుతూ ఉండాలి. ఆ పని నాది. అంచున ఒక పట్టీ మేర మట్టి చదును చేసి ఉంచమని, దాని మీద రాత్రి ఎవరు నడిచారో పొద్దున చూసి ఫోన్ చేయమని చెప్పాను. వాకిట్లో పడుకునే కుక్కను కూడా తీసుకుపొమ్మన్నాను.